ఏమీ లేదమ్మా

"ఇడ్లీయ్... పొగలు కక్కే ఇడ్లీయ్!"

వీధి చివర్నుంచి ఆ కేక ఆసుపత్రి వార్డులోకి దూరేసరికి, పరగడుపున ఉన్న అయిదు కడుపులు ఒక్కసారి గుర్రుమన్నాయి. ఆరోది డాక్టర్ శశిధర్‌ది.

టెక్కలిలో ఆ చిన్న ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ వేదమణిగారికి ఒక పద్ధతుంది. ఏ జబ్బుతో చేరినా సరే, మర్నాడు పొద్దున్నే పరగడుపున పొట్టకి స్కానింగు చేయాల్సిందే. అందరిదీ అయ్యాకే అందరూ తినడం, ఆవిడతో సహా. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న శశిధర్‌కి ఇది మింగుడుపడలేదు. నెల్లాళ్లుగా చేస్తున్నాడు పాపం, ప్రతిదానికీ "ఏమీ లేదు" అని రాయడమే!

ఇవాళ ఇక మిగిలింది గున్నమ్మ. గట్టు మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"ఇరిగింది సెయ్యి కదా బాబూ! కడుపెందుకు మాడ్సడం?"

శశిధర్‌కి న్యాయమే అనిపించింది. "నీకక్కర్లేదులేమ్మా, తినెయ్" అనేసి, తిన్నగా వేదమణిగారి దగ్గరికెళ్లాడు.

"చెయ్యి విరిగిన మనిషికి పొట్ట చూడ్డం దండగ కాదా మేడమ్?"

ఆవిడ కిటికీలోంచి, "గవరయ్యా! గిన్నెతో సహా లోపలికి రా" అని పిలిచారు.

ఇడ్లీల గవరయ్య వచ్చాడు.

"నాలుగేళ్ల కింద ఇక్కడికెందుకొచ్చావ్?"

"ఆవిరి కొట్టి సెయ్యి కాలింది గదమ్మా."

"చొక్కా ఎత్తు."

నడుం పక్కన జానెడు కుట్ల మచ్చ.

"మరి ఇదేంటి?"

"మీరు పొట్ట సూసినారు గదా! కిడ్నీ మీద ఉసిరికాయంత గెడ్డ. అప్పటికి నాకు నొప్పీ లేదు, గిప్పీ లేదు. పెద్దాసుపత్రికి పంపి తీయించినారు." గవరయ్య పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. "అందుకే ఈ వీధిలోకొస్తే గట్టిగా అరుస్తాను. మీకినపడాల గదా!"

శశిధర్ వెనక్కి తిరిగాడు. గున్నమ్మ అప్పటికే గిన్నె వాసన పట్టుకుని వచ్చేస్తోంది.

"అమ్మా, అయిదు నిమిషాలు ఆగు. నేనే చూస్తాను."

చల్లటి జెల్ తగిలి ఆవిడ కెవ్వుమంది. అతను ఎన్నడూ లేనంత నెమ్మదిగా, మూలమూలా చూశాడు.

"ఏమీ లేదమ్మా!"

"ఏమీ లేనిదానికా ఇంతసేపు మాడ్సినావు?"

"అవునమ్మా, ఏమీ లేదు!" అన్నాడు మళ్లీ, నవ్వాపుకోలేక.

వరండాలో వరసగా విస్తరాకులు పడ్డాయి. వేదమణిగారు తన పక్కన చోటు చూపించారు.

"కడుపులో ఇంకా ఏమన్నా పెట్టుకున్నావా, శశీ?"

"ఏమీ లేదు మేడమ్."

"అయితే కూర్చో."

గవరయ్య గిన్నె మూత తీశాడు.