ఉప్పుటేరుకు రాజుగారి పేరు

ఇంగ్లీషు ఓడ కెప్టెన్ సభలో తమ ఊరి గొప్ప చెప్పుకోవడంతో వచ్చింది తంటా అంతా.

"హల్ అనే ఏటి ఒడ్డున ఉంది మా రేవు. వెనకటికి మా రాజొకాయన దాన్ని మఠం సన్యాసుల దగ్గర కొని, 'హల్ ఏటి మీది రాజుగారి ఊరు' అని పేరు పెట్టాడు."

దుబాసీ అప్పలకొండ ఆ మాట తెలుగులో చెప్పాడో లేదో, వీరభూపాల మహారాజు నిటారుగా కూర్చున్నాడు.

"మరి నా పేరున రేవు లేదేం?"

ఆస్థానకవి గౌరీనాథశాస్త్రి చటుక్కున లేచాడు. "మన రేవుకు ఉప్పుటేరు! అదీ ఒక పేరేనా ప్రభూ? 'వీరభూపాలం' అందాం. పాత పేరు పలికితే కొరడా దెబ్బలే!"

మర్నాడే దండోరా వేశారు. ఆ సాయంత్రమే చేపల నూకాలును సభకు ఈడ్చుకొచ్చారు. "ఉప్పుటేరు చేపలమ్మా!" అని కేకేసిందట. పుట్టినప్పటి నుంచీ నోట నానిన పేరు ఒక్కపూటలో పోతుందా?

ఆమెను చూసి అప్పలకొండకు జాలేసింది. దగ్గరికెళ్లి, "కొత్త పేరుతోనే మాట్లాడు. రేవెలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు.

నూకాలు గొంతు సవరించుకుంది.

"ఏటి సెప్పమంటారు మారాజా! పొద్దు పొడిస్తే సాలు, వీరభూపాలం ఒకటే కంపు. ముక్కు మూసుకోందే దగ్గరికెళ్లలేం. సినుకు పడితే వీరభూపాలం నిండా బురదే. పందులు తప్ప ఇంకోటి నిలవదు."

సభలో సగంమంది ఉత్తరీయాలు నోటికడ్డం పెట్టుకున్నారు.

"రాజద్రోహం!" అని అరిచాడు శాస్త్రి.

"పాత పేరంటే కొరడా, కొత్త పేరంటే ద్రోహమా శాస్త్రిగారూ?" అన్నాడు అప్పలకొండ. రాజు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "నా భయం వేరు ప్రభూ. రేపు తుఫానొచ్చి రేవు మునిగితే, వార్తాహరుడు ఊరూరా ఏమని అరవాలి?"

రాజు కనుబొమలు ముడిచేలోగా అప్పలకొండే అందుకున్నాడు.

"'వీరభూపాలం మునిగిపోయిందహో!' అనే కదా! అది విని పొరుగురాజు సాయానికి పడవలు పంపుతాడా, ఇక్కడ తన పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టించుకుంటాడా?"

రాజు ముఖం కందగడ్డయింది. ఆ రోజూ సభకొచ్చిన కెప్టెన్ వైపు విసురుగా తిరిగాడు. "మీ రాజు ఇదంతా ఎలా భరించాడయ్యా?"

కెప్టెన్ చెప్పింది విని అప్పలకొండ మీసంలోనే నవ్వుకున్నాడు. "ఆ పెద్ద పేరు కాగితాల మీదేనట ప్రభూ. నోటితో అందరూ 'హల్' అనే అంటారట. వట్టి ఏటి పేరు!"

రాజు ఫక్కున నవ్వాడు. "అయితే మనది కూడా ఉప్పుటేరే!"

పాత పేరు రాజు నోటే వచ్చేసరికి, కొరడావాడు బిక్కమొహం వేసుకుని శాస్త్రి వైపు చూశాడు. సభ గొల్లుమంది. నూకాలుకు పట్టుచీర, అప్పలకొండకు రాజు భుజం మీది శాలువా అక్కడికక్కడే దక్కాయి.