కొమ్మ పీకి చూసిన ముళ్ళపంది

అనగనగా, సముద్రాల అవతల నైజీరియా దేశంలో ఒక అడవి. ఆ అడవిని వరద ముంచేసింది. జంతువులన్నీ కట్టుబట్టలతో బయలుదేరాయి. వాటికి బట్టలెక్కడివి అంటారా? అదీ నిజమే! ఒట్టి ప్రాణాలతో బయలుదేరాయి.

వాళ్ళ పెద్ద ఒబియోరా అనే ముళ్ళపంది. మంచివాడే. కానీ కాలు కాలిన పిల్లిలా ఒక్కచోట నిలవడు.

ఊరు కట్టడానికి వాళ్ళకొక ఆచారం ఉంది. పాత ఊరి చెట్టు కొమ్మను కొత్త నేలలో నాటాలి. వాళ్ళకు సంత నుంచి సంతకు ఒక వారం లెక్క. మూడు సంతలు గడిచేలోగా చిగురిస్తే నేల రమ్మన్నట్టు. ఎండిపోతే పొమ్మన్నట్టు. వాళ్ళు తెచ్చుకున్నవి మూడే కొమ్మలు.

మొదటి కొమ్మను ఏటి ఒడ్డున నాటారు. ఒబియోరాకు మనసు ఆగలేదు. "వేరు పట్టిందో లేదో!" అనుకుంటూ తెల్లారేసరికి పీకి చూశాడు. మళ్ళీ పాతాడు. రోజూ ఇదే పని. మూడో సంతకు కొమ్మ వరుగైపోయింది.

"ఈ నేల మనల్ని వద్దంటోంది, పదండి!" అన్నాడు.

రెండో కొమ్మను కొండవాలులో నాటారు. అక్కడా అంతే. "ఇదీ పాడు నేలే!" అన్నాడు.

మూడోచోటికి చేరేసరికి పిల్లల కాళ్ళు వాచిపోయాయి. ఆకాశమంతా మబ్బులు. "అన్నా, వానల్లో మళ్ళీ నడిస్తే నా పిల్లలు బతకరు," అని కుందేలు ఏడ్చింది.

ఆఖరి కొమ్మ నాటారు. మర్నాడు తెల్లవారుతూనే ఒబియోరా దానిమీద చెయ్యి వేశాడు.

"ఏం చేస్తున్నావు నాయనా?" అంది తాబేలు అవ్వ.

"ఊరికే... వేరు చూద్దామని."

"ఆ రెండుచోట్లా ఇలాగే చూశావా?"

ఒబియోరా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కొమ్మలు ఎండింది తను పీకడంవల్లే! రెండు మంచి నేలలు! తన చేతులతోనే పోగొట్టాడు. దాచేస్తే ఎవరికీ తెలియదు. కానీ కుందేలు ఏడుపు చెవిలో మోగుతూనే ఉంది. అందరినీ పిలిచి, తల దించుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"నన్ను తరిమేయండి," అన్నాడు.

"తరిమితే నీకు సుఖమేగా, తిరుగుతూ ఉంటావు!" అంది అవ్వ. "ఇక్కడే కూర్చో. కొమ్మకు వీపు పెట్టి కూర్చో."

కూర్చున్నాడు. ఒళ్ళంతా జిల. ముళ్ళు గలగలమన్నాయి. ఒక సంత గడిచింది. రెండు గడిచాయి. వాన మొదలైంది. అయినా తల తిప్పలేదు.

మూడో సంతనాడు కుందేలు పిల్లలు కేరింతలు కొట్టాయి. అప్పుడు తిరిగి చూశాడు. రెండు లేత ఆకులు! ఒబియోరా వెక్కి వెక్కి ఏడ్చాడు.

అలా వెలిసిన ఊరి పేరే ఉమోరా. అక్కడ ఇప్పటికీ ఊరిపెద్ద మొక్క నాటగానే దానికి వీపు పెట్టి కూర్చుంటాడట.

నీతి: నాటిన చెయ్యి ఆగడం నేర్చుకోవాలి, ఆగలేక చేసిన తప్పును నేలమీదికి నెట్టకూడదు.