రోకలి చాటు రాగం

గంధవరం జమీందారు వీరభోగరాజుగారికి సాయంత్రమైతే సభ తీర్చి పాడటం సరదా. కోటగోడ అవతల సూరాలు అనే ఆవిడ అటుకులు దంచే చప్పుడు తన పాటకు అడ్డమొస్తోందని ఓరోజు ఆమెను పిలిపించి కేకలేశారు.

"నేను పాడేటప్పుడు రోకలి ఎత్తావంటే ఊళ్ళోంచి వెళ్ళగొట్టిస్తాను!"

"వేడి మీద దంచకపోతే అటుకులు కావు దొరా. అయినా ఆపేస్తాను. కానీ నా రోకలొక్కటే ఎందుకు? రేపు సభలో ఏ చప్పుడూ ఉండకూడదని చెప్పండి. మీ పాట ఒక్కటే వినబడాలి" అంది సూరాలు చేతులు కట్టుకుని.

రాజుగారు మురిసిపోయి అలాగే చాటించారు.

మర్నాడు మద్దెల మోగలేదు. ఆహా అన్నవాడు లేడు, భళా అన్నవాడు లేడు. ఆ నిశ్శబ్దంలో పాట ఎత్తుకోగానే ఎక్కడో గేదె నొప్పులతో అరుస్తోందనుకున్నారు రాజుగారు. తీరా వింటే అది తన గొంతే. చెవులు ఎర్రబడ్డాయి. పల్లవి సగంలోనే మింగేసి, ఎవరి ముఖమూ చూడలేక, పెరటి దారిన సూరాలు ఇంటికి నడిచారు.

"రేపటి నుంచి దంచుకో" అన్నారు నేల చూస్తూ.

"మరి మీ పాట, దొరా?"

రాజుగారు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు.

"పాడేటప్పుడు... కాస్త గట్టిగా దంచు."