ఉప్పుదిబ్బ మీద కట్టడి

తుమ్మెదకోన అనే అడవిలో ఏనుగులు, జింకలు, అడవిదున్నలు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు ఉండేవి. అడవి మధ్యలో రాళ్ళవాగు పారేది. వాగుకు ఇవతల ఒక ఉప్పుదిబ్బ ఉంది. గడ్డి మేసే ప్రాణికి అప్పుడప్పుడు ఉప్పు నాకనిదే ఒంట్లో సత్తువ నిలవదు. కానీ ఆ దిబ్బ రాయిలా గట్టిది. ఏనుగులు కాళ్ళతో పెళ్ళగిస్తేనే ఉప్పుమట్టి మిగతావాటి నాలుకకు అందేది. అందుకని దిబ్బ మీద పెత్తనం ముసలి ఏనుగు అచ్చమ్మది.

పున్నమి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే అన్నీ దిబ్బ దగ్గర చేరేవి. పిల్లల తల్లులు ముందు నాకాలి, మగవి తరవాత. అచ్చమ్మ నాయనమ్మ కాలం నుంచీ ఇదే ఆనవాయితీ.

వాగు అవతల ఉండే దున్నల మందకు కొమ్ముదొర నాయకుడు. మెడలో ఎంత బలమో నోట్లో అంత దురుసు. మందలో ఎవరైనా ఎదురు మాట్లాడితే కుమ్మి బయటికి తరిమేవాడు. ఒకనాడు వాడి కన్ను పక్కనే ఉన్న జింకల పచ్చిక మీద పడింది. నలుగురు మొనగాళ్ళను వెంటేసుకొచ్చి జింకలను రాళ్ళగుట్ట మీదికి తోలేశాడు. ఆ గుట్ట మీద గడ్డిపరక మొలవదు.

జింక ఈరమ్మ వాగు ఈది అచ్చమ్మ దగ్గరికి వచ్చింది. "అమ్మా, నా బిడ్డ ఇంకా పాలు మరవలేదు. నాకే మేత లేకపోతే దానికి పాలెక్కడివి?" అని ఏడ్చింది.

అచ్చమ్మ నిట్టూర్చింది. ఇలాంటి ఏడుపు ఆమెకు కొత్తదా? పులి నీటిగుంట కాజేసినప్పుడు విన్నది, పందులు దుంపల చేను దోచినప్పుడు విన్నది. ప్రతిసారీ ఒక సభ, సభలో నాలుగు పెద్ద మాటలు, ఆ తరవాత ఎవరి మేతకు వాళ్ళు పోవడం. ఆమె వయసులో ఉండగా ఒకసారి యుద్ధమూ చేశారు. పెద్దల కాళ్ళ కింద పడి రెండు వైపులా పసివాళ్ళే చచ్చారు. ఇక ఆ జోలికి పోనని ఆనాడే ఒట్టు పెట్టుకుంది.

అయినా సభ పెట్టింది. "కొమ్ముదొర పచ్చిక వదిలేదాకా దున్నల మందకు ఉప్పు బంద్" అంది.

"శభాష్ అక్కా! అలా బుద్ధి చెప్పాలి వాడికి!" అని ఎలుగుబంటి బయన్న అందరికంటే గట్టిగా అరిచాడు.

"మరి జింకలు అందాకా ఏం తింటాయి?" అన్నాడు కొండముచ్చుల పెద్ద ఓబులేసు. "చిగుళ్ళూ ఇప్పపూలూ మేం కోసి మోపులు కడతాం."

ఆ మోపులు ఏనుగులు మోసుకెళ్ళాయి. రేవులో కొమ్ముదొర అడ్డంగా నిలబడ్డాడు. "ఇది నా రేవు. ఇక్కడ దించండి, నేనే పంచుతా" అన్నాడు. వాడితో తగువెందుకని ఏనుగులు అక్కడే దించేసి వచ్చాయి. అచ్చమ్మ మోపులు చేరాయా అని అడిగింది, దించామన్నాయి. ఎక్కడ దించారని ఆమె అడగలేదు. అలసిపోయి ఉంది.

నెల తిరిగేసరికి ఈరమ్మ మళ్ళీ వచ్చింది. ఎముకల గూడులా ఉంది. "బిడ్డ లేవలేకపోతోందమ్మా" అంది.

"మేం పంపిన మేతో?"

"ఏ మేత? మాకు అందింది మోపులు కట్టిన తీగలే."

మర్నాడు పొద్దున్నే అచ్చమ్మ తానే వాగు ఒడ్డుకు వెళ్ళి చూసింది. దున్నల మందలో తల్లుల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. దూడలు ఉత్త రాళ్ళు నాకుతున్నాయి. కొమ్ముదొర మాత్రం జింకల మేత తిని నిగనిగలాడుతున్నాడు. "మీ బిడ్డల నోటి దగ్గరి ఉప్పు లాక్కున్నది ఆ ఏనుగమ్మే! నేను తప్ప మీకు దిక్కెవరు?" అంటున్నాడు. పాపం, తల్లులు భయంతో వాడి చుట్టూనే ముడుచుకున్నాయి.

ఇంతలో పొదల్లోంచి బయన్న వచ్చాడు. దిబ్బ మీద పొర్లి వచ్చాడేమో, నెత్తి నుంచి తోక దాకా ఉప్పుమట్టి. కొమ్ముదొర వాడిని ఆసాంతం నాకేశాడు. నాకడం అయ్యాక ఒక చెదపుట్టను కొమ్ములతో పగలగొట్టి ఇచ్చాడు. బయన్న కూర్చుని చెదలు తిన్నాడు.

సాయంత్రం అచ్చమ్మ పిలిపించింది. "పుట్టి బుద్ధెరిగాక ఒళ్ళు కడుక్కోనివాడివి. ఇంత నున్నగా మెరుస్తున్నావేం బయన్నా?"

బయన్న తల దించుకున్నాడు. "గోళ్ళు అరిగిపోయాయక్కా, పుట్టలు తవ్వలేను. నా ఒక్కడి వల్ల ఏమవుతుందిలే అనుకున్నా."

అచ్చమ్మకు కోపం కూడా సరిగ్గా రాలేదు. "నీ పుట్టలు ఇకనుంచి మా పిల్లలు పగలగొడతారు. నీ కడుపు సంగతి ముందే అడగకపోవడం నా తప్పు. మళ్ళీ దిబ్బ మీద పొర్లితే మాత్రం నీకూ ఇటు దారి ఉండదు" అంది.

మోకాళ్ళు నొప్పులు పెడుతున్నా మళ్ళీ సభ పెట్టింది. "దొరకూ వాడి మొనగాళ్ళకూ ఉప్పు లేదు. తల్లులకూ దూడలకూ ఉంది, ఎప్పటిలాగే ముందు వరస. మోపులు ఇక రేవు మీదుగా పోవు. కొండముచ్చులు కొమ్మల మీదుగా తీసుకెళ్ళి నేరుగా జింకల ముందు పడెయ్యాలి."

"వాడి మందకు ఉప్పు పెట్టాలా?" అని ఓబులేసు గొణిగాడు.

"ఆ దూడలు ఎవరి పచ్చిక లాక్కున్నాయి నాయనా?" అంది అచ్చమ్మ. ఓబులేసు చెట్లెక్కి ఆ కబురు మంద అంతటా వినిపించాడు.

పున్నమి వెళ్ళింది. పొద్దున్నే ఒక ముసలి దున్నతల్లి దూడతో రేవు వైపు నడిచింది. "అడుగు వేస్తే కుమ్మేస్తా!" అని కొమ్ముదొర కొమ్ములు వంచాడు. వెనకే ఇంకో తల్లి కదిలింది. తరవాత అన్నీ కదిలాయి. వాగు మధ్యలో ఏనుగులు వచ్చి నిలబడ్డాయి. ఇంతమందిని ఎవడు కుమ్మగలడు?

తల్లులు ఉప్పు నాకాయి, మళ్ళీ అవతలికి పోలేదు. మొనగాళ్ళు కొన్నాళ్ళు బింకంగా ఉన్నారు. ఉప్పూ లేదు, ఆలుబిడ్డలూ లేరు. ఒక్కొక్కరే తల వంచుకుని వాగు దాటారు. "ముందు జింకలకు దండం పెట్టి రండి" అని అచ్చమ్మ వాళ్ళను వెనక్కి పంపింది. చివరికి సత్తువ చచ్చిన కొమ్ముదొర ఒంటరిగా ముళ్ళతుప్పల్లోకి పోయాడు. వాడిని ఎవరూ తరమను కూడా లేదు.

జింకలు గుట్ట దిగి పచ్చికలోకి వచ్చాయి. అందరికంటే ఆఖరున ఈరమ్మ వచ్చింది. అచ్చమ్మ ఆమె వెనక బిడ్డ కోసం చూసింది.

"లేదమ్మా" అంది ఈరమ్మ. "కొండముచ్చులు మొదటి మోపు తెచ్చిన రోజు పొద్దున్నే పోయింది."

ఈరమ్మ తల వంచి గడ్డి మేయసాగింది.

నీతి: దౌర్జన్యపరుడికి దారి మూసేటప్పుడు వాడి కింద నలిగేవారికి దారి తెరిచి ఉంచాలి. చేసిన సాయం చేరవలసిన నోటికి చేరిందో లేదో వెళ్ళి చూడాలి, అదీ ఆలస్యం కాకముందే.