యుజు తొక్క

ఎలుగుబంటి నూకాలుకు పద్దెనిమిదేళ్లు. ఏదైనా నోట్లో పెట్టుకునే ముందు గోటితో గీరి వాసన చూస్తుంది.

కొండ చూడడానికి వచ్చిన మనుషులెవరో పారేసిన గింజను చిన్నప్పుడు తనే నాటింది. అది యుజు. జపాన్ వాళ్లు వంటల్లో ఘుమఘుమ కోసం వేసుకునే పుల్లటి నిమ్మజాతి. ఇన్నేళ్లకు చెట్టు కాసింది. పసుప్పచ్చటి కాయల వాసనకు కొండంతా ముక్కులెగరేసింది. వెంటనే నక్క, చెట్టు తనకే చెందాలని పంచాయితీ పెట్టించాడు.

"ఆడదాని పేర చెట్టేమిటి పెద్దాయనా? రేపు పిట్టలు కూడా గూళ్లు మావేనంటాయి."

తీర్పు చెప్పే అడవిపంది గుర్రుమన్నాడు. "నిజమే. చెట్టు నక్కది."

"నీళ్లు పోసింది నేను," అంది నూకాలు.

"పోశావు గదమ్మా, ఎవరు కాదన్నారు? ఇకమీదా పోద్దువుగాని," అన్నాడు నక్క.

మగవాళ్లంతా పకపకా నవ్వారు. నక్క పెళ్లాం నవ్వలేదు.

నూకాలు ఒక కాయను గోటితో గీరి వాసన చూసింది. "సరే బావా. మరి మన కొండ ఆచారం? మగాళ్లు తిన్నాక మిగిలింది ఆడాళ్లది. అదైనా ఉందా, పోయిందా?"

"ఎందుకు పోతుంది! లోపలి పండు నాది, తొక్క నీది. ఏటేటా, ఎప్పటికీ."

"అందరూ వినేలా ఇంకోసారి అను."

అన్నాడు. పంది ఖాయం చేశాడు.

నక్క కాయ ఒలిచి, తొక్కను ఆమె కాళ్ల దగ్గర విసిరి, గుజ్జంతా నోట్లో కుక్కుకున్నాడు. కళ్లు మూసుకుపోయాయి. చెవులు వెనక్కి వాలాయి. రసం కాస్తంత, గింజలు నోటినిండా.

"ఎలా ఉంది బావా?"

"అ...మృతం," అన్నాడు గింజలు ఉమ్ముతూ. పరువు కోసం రెండోది కూడా తిన్నాడు.

నూకాలు తొక్కను గోటితో సన్నగా తురిమి తేనెలో కలిపి ఆడవాళ్లకు పంచింది. పరిమళమంతా ఆ తొక్కలోనే ఉంది. పంది మూతి చాచాడు.

"కాస్త నాకూ పెట్టమ్మా."

"మగాళ్లు వదిలేసిన మిగులు పెద్దాయనా. మీ పరువేం కావాలి?"

నక్క గొంతు సవరించుకున్నాడు. "తొక్క నీదని ఊరికే అన్నానంతే..."

"రెండుసార్లన్నావు," అంది పెళ్లాం, తేనె నాకుతూ.

మిగిలింది ఆడవాళ్లకని చట్టం చేసేవాడు, ఏం మిగులుతుందో ముందు వాసన చూసుకోవాలి.

నక్క ఉమ్మిన గింజలను నూకాలు వాగు అవతల నాటింది. అవి కాపుకొచ్చాక ఏ పంచాయితీకీ చెప్పలేదు.