పదకొండు కన్నీటి చుక్కలు

"మాస్టారూ, ఇంగ్లీషు కవిత్వంలో సెంటిమెంటలిజం పోయి ప్రీ రొమాంటిసిజం ఎలా వచ్చిందండీ?" అని మృత్యుంజయ అడిగాడు. ప్రైవేటుగా ఎమ్మేకి కట్టాడు లెండి. శఠగోపం మాస్టారేమో ఏది అడిగినా తిన్నగా జవాబు చెప్పే మనిషి కారు. నేను మాస్టారి పక్కింటివాణ్ణి, పదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఆ పేర్లకి నాకు నోరు తిరగదు గానీ, విన్నంతలో విషయం ఇదీ: మొదటి కవులు ఎవరి కష్టం చూసినా జేబురుమాలు తీసి, తమ కళ్ళు తామే ఒత్తుకుని మురిసిపోయేవారట. తర్వాతివాళ్ళు రుమాలు లోపల పెట్టేసి, తుఫానులూ పాడుబడ్డ కోటలూ పల్లెజనం పాటలూ వెతుక్కుంటూ బయల్దేరారట.

"భీమిలి కొర్లమ్మ పాట పత్రికలో వేయించావు కదా, ఆవిడకి వినిపించావా?" అన్నారు మాస్టారు.

వినిపించలేదు. ఆ ఆదివారమే ముగ్గురం బస్సెక్కాం. సముద్రం మింగేసిన భర్త మీద కొర్లమ్మ తనే కట్టుకున్న పాట అది. అచ్చులో పడిందనగానే వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళందర్నీ కేకేసింది: "రండ్రా, నా పాట అచ్చేసినారట!"

మృత్యుంజయ గొంతు వణికిస్తూ చదివాడు. పాట మరీ మోటుగా ఉందని పత్రికకి పంపేముందే అతను దిద్దాడు. పదకొండు చోట్ల కన్నీటి చుక్కలు చేర్చాడు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, అందులో ఒకటి నా సలహాయే.

కొర్లమ్మ చివరిదాకా శ్రద్ధగా వింది. "బాగుంది బాబూ. ఎవులో గానీ, పాపం, తెగ ఏడిసింది. ఇంక నాది సదువు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మృత్యుంజయ పత్రిక మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. నా నోరు ఊరుకోదు కదా, "నీది వచ్చే నెల వేస్తారమ్మా" అనేశాను. మాస్టారు నా వైపు చూశారు. నేను ఇసుక వైపు చూశాను.

"అయితే సరిగ్గా రాసుకో, బాబూ" అని ఆవిడ సముద్రం కేసి తిరిగి పాడింది:

*తెప్ప ఎల్లినాది, తెరసాప ఒచ్చినాది,*
*గాలినడిగితే గాలి సెప్పదు...*

ఎక్కడా ఒక్క చుక్క లేదు. మృత్యుంజయ ఆ పత్రిక అట్ట మీదే, తలెత్తకుండా, ఒక్క మాట మార్చకుండా రాసుకున్నాడు.

తిరుగు బస్సులో, "నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు మాస్టారూ" అన్నాడు మెల్లగా.

మాస్టారు కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నారు.

"ఆ ఇంగ్లీషు కవులతోనూ ఎవరో ఒకావిడ, 'ఇంక నాది సదువు' అనే ఉంటుందిరా."