రాజుగారిని ఎత్తిన కుమ్మరి సారె

ఒకానొక రాజ్యంలో, దాని పేరు చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు గనక నేను చెప్పను, ప్రచండతుంగుడనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు. పొరుగు రాజులతో తగవులకు పోయేవాడు కాదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు, గొప్ప. తను నడుస్తుంటే లోకమంతా నిలబడి తననే చూడాలని ఆయన సరదా.

ఆ సరదాను శాసనం చేసి పెట్టినవాడు విస్సనమంత్రి. "రాజు కదులుతున్నంతసేపూ రాజ్యంలో మరేదీ కదలరాదు" అని రాగిరేకు మీద చెక్కించి కోటగుమ్మానికి కొట్టించాడు. రాజు కదలగానే చెన్నడనే బంటు మొదటి శంఖం ఊదుతాడు. అది వినబడ్డ ప్రతివాడూ చేస్తున్న పని వదిలేసి చేతులు కట్టుకుని నిలబడాలి. రాజు ఆగి, ఆయన పాదాల కింద పీట పడ్డాక రెండో శంఖం. అంతదాకా మనిషి కదిలితే కొరడా దెబ్బలు. వస్తువు కదిలితే దాన్ని పగలగొట్టడం. పల్లకీ మోసే బోయీలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇవ్వకపోతే రాజుగారు ఇంట్లోంచి బయటపడడం ఎలాగ?

ఇక చూసుకోండి ఊరి తిప్పలు! పాలు పొంగి పొయ్యిలో పడుతుంటే ఆడవాళ్ళు చేతులు కట్టుకుని చూసేవాళ్ళు. సగం గడ్డం గీసి మంగలి నిలబడిపోతే, ఆ గీయించుకునేవాడు తడి మొహంతో ఆకాశంకేసి చూస్తూ కూర్చునేవాడు. అందరికన్నా ఎక్కువ నష్టం కుమ్మరులకు. కుండ సగంలో ఉండగా చెయ్యి తీస్తే ఏమవుతుంది? అంతా ముద్దయి కూలబడుతుంది.

ఆ ఊళ్ళో ఓబన్న అనే కుమ్మరి ఉండేవాడు. పెద్ద పెద్ద కాగులు చేయడంలో అతనికి సాటి లేదు. అందుకు తగ్గ సారె అతని దగ్గర ఉంది. వాళ్ళ తాత చేసినది. అంచులో రాళ్ళు పొదిగి, మేకవెంట్రుకలు కలిపిన మట్టి మెత్తి, ఏ పక్కా గింజెత్తు బరువు ఎక్కువ లేకుండా సరిచేయడానికి ఆయనకు మూడేళ్ళు పట్టిందట. కర్ర పెట్టి ఇరవైసార్లు తిప్పి వదిలితే కాగు పూర్తయ్యేదాకా తిరుగుతుంది. ఓబన్న ఇంట్లో ఆరుగురు తింటున్నారంటే ఆ సారె చలవే.

ఒక రోజు ఓబన్న సారెను బాగా తిప్పి, కర్ర పక్కన పెట్టి, మట్టి మీద చెయ్యి వేయబోతుండగా వీధి మొదట్లో శంఖం మోగింది. ఓబన్న లేచి చేతులు కట్టుకున్నాడు. సారె ఎక్కడ కట్టుకుంటుంది చేతులు? అది గిర్రున తిరుగుతూనే ఉంది. రాజుగారి పల్లకీ వచ్చి సరిగ్గా అక్కడే ఆగింది.

"ఊరంతా నిలబడితే అదొక్కటీ తిరుగుతుందేం?" అన్నాడు రాజు.

మంత్రి మొహం కందగడ్డయింది. ఓబన్ననూ సారెనూ బండి మీద కోటకు తోలించాడు.

కొలువులో మంత్రి విచారణ మొదలుపెట్టాడు. "ఓరీ, శంఖం మోగాక నీ చెయ్యి దాని మీద ఉందా?"

"లేదండి. తీసేశాను. వీధిలో అందరూ చూశారు."

"మరి దాన్ని తిప్పిందెవరు? నువ్వే తిప్పానంటావా, రాజధిక్కారం. ఎవరూ తిప్పలేదంటావా, చేతబడి. శిక్ష రెండింటికీ ఉంది. ఏది కావాలో నువ్వే కోరుకో."

ఆ సారె పోతే ఓబన్నకు బతుకు లేదు. అయినా ఉన్నమాటే చెప్పాడు.

"నేనే తిప్పాను బాబూ. కాకపోతే శంఖానికి ముందు తిప్పాను."

"ముందు తిప్పితే తర్వాత ఎందుకు తిరుగుతుందిరా?"

"మంత్రిగారూ, తమరు పొద్దున భోంచేసి వచ్చారు కదా. ఆ అన్నం బలంతోనే కదా ఇప్పుడు నన్ను కసురుకుంటున్నారు? ఇప్పుడేమీ తినడం లేదే!"

సభలో కొందరు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఓబన్న రాజుకేసి తిరిగాడు.

"ఇదీ అంతే మహాప్రభో. దానికి నా చేతి బలం తినిపిస్తాను. అక్కరకు మించింది దాని అంచు బరువులో దాచుకుంటుంది. నేను మట్టి మీద చెయ్యి నొక్కినప్పుడల్లా కాస్త కాస్త ఇస్తుంది. దాచిందంతా అయిపోయాక తనే ఆగుతుంది. అందాకా దానికి నా మాటా పట్టదు."

"నా మాట కూడానా?" అన్నాడు రాజు.

ఓబన్న తల వంచుకున్నాడే గాని కాదనలేదు. రాజుకు చురుక్కుమంది.

"అందులో బలం దాగి ఉందంటున్నావు గనక దాన్ని బయటికి తీసి చూపించు. రేపు ఇదే వేళకు గడువు. చూపిస్తే సారె నీది. లేదా, నీ కళ్ళముందే సమ్మెటతో పగలగొట్టిస్తాను. నువ్వు నీ పెళ్ళాం పిల్లలతో ఊరు వదిలి పోవాలి."

"చిత్తం. ఈ కొలువులో అన్నిటికంటే బరువైనదాన్ని ఎత్తిస్తే నమ్ముతారా ప్రభో?"

అందరి కళ్ళూ గుమ్మం దగ్గరున్న రాతి ఏనుగు మీదికి పోయాయి. దాన్ని ఎత్తడం ఓబన్న సారె వల్ల కాదు, దాని తాత వల్ల కూడా కాదు. కానీ కొలువులో కూర్చున్నవాళ్ళు ఎలాంటివాళ్ళో అతనికి తెలుసు.

విస్సనమంత్రి గొంతు సవరించుకున్నాడు. "రాతి ఏనుగా? ఏలినవారి ముందు దాని బరువెంత! ఈ కొలువులో అన్నిటికంటే బరువైనది మహారాజుగారే. కాదనేవాడుంటే ముందుకు రమ్మనండి."

ఎవడు వస్తాడు? రాజు సంతోషంతో మీసం దువ్వుకున్నాడు. ఓబన్న ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే అతను పనిలో పడ్డాడు. వడ్రంగి చేత నడుమెత్తు కొయ్య చట్రం చేయించి సారెను దాని మీద ఎక్కించాడు. సారె కింద దానితోపాటే తిరిగే ఇరుసుకు ఒక కొక్కెం పెట్టించాడు. కొలువులోని దూలానికి గిలక కట్టాడు. దాని మీదుగా తాడు వేసి, ఒక కొసన ఉయ్యాలబల్ల వేలాడదీశాడు. రెండో కొసన ఉచ్చు వేసి, ఆ ఉచ్చు కొక్కేనికి అందేలా చూసుకున్నాడు.

సద్దిమూట తెచ్చిన భార్య తిమ్మక్క అదంతా చూసి లబలబలాడింది. "ఏమయ్యా, నీకు మతి గాని పోయిందా? రాజుగారిని తాడుకు కడతావా?"

"కట్టనే. కూర్చోబెడతాను."

"పడితే?"

"పడనివ్వను. తాడు నేనే పేనాను" అని, అటుగా పోతున్న చెన్నణ్ణి పిలిచాడు. "అన్నా, ఒక్క మాట. రాజుగారు కదిలితే శంఖం ఊదుతావు కదా. ముందుకు కాకుండా పైకి కదిలినా ఊదుతావా?"

చెన్నడు ఆలోచించాడు. "రేకు మీద కదలిక అని ఉంది గాని ఎటని లేదు. పైకైనా ఊదాల్సిందే. పోయినేడు రెండో శంఖం ఒక్క రవ్వ ముందు ఊదానని మూడు కొరడా దెబ్బలు కొట్టించారు. నేనింక ఏ తప్పూ చేయదలుచుకోలేదు."

మర్నాడు కొలువు కిటకిటలాడిపోయింది. రాజు నగలన్నీ దిగేసుకుని వచ్చి ఉయ్యాలబల్ల మీద కూర్చున్నాడు. ఆయన పాదం వట్టి నేల మీద పెట్టే ఆచారం లేదు గనక కాళ్ళ కింద పీట వేసి ఉంది.

ఓబన్న కర్ర పెట్టి సారెను తిప్పసాగాడు. పది, ఇరవై, యాభై. చెమటలు కారుతున్నాయి. సారె రొద చేస్తోంది. రాజుకు విసుగొచ్చింది.

"ఇంకా ఎంతసేపురా?"

"ఎత్తేది ఏలినవారిని కదా ప్రభో. తక్కువ పెడితే మర్యాదగా ఉండదు."

నూరోసారి తిప్పి, పీట తీయించి, ఓబన్న కర్ర కొసతో తాడు ఉచ్చును కొక్కేనికి తగిలించాడు. ఇరుసుకు తాడు చుట్టుకోసాగింది. రాజుగారు లేచారు! ఎవరూ చెయ్యి వేయకుండానే బల్లతో సహా మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు లేచారు. సభ అంతా "ఆహా!" అంది.

వెంటనే చెన్నడు శంఖం ఊదాడు.

కొలువంతా చేతులు కట్టుకుంది. మంత్రి, సేనాపతి, పీట పట్టుకునేవాడు, వింజామర వేసేవాడు, అందరూ బొమ్మల్లా నిలబడ్డారు. ఓబన్న కూడా కర్ర వదిలేసి చేతులు కట్టుకున్నాడు.

రాజు దూలం దాకా పోయాడు. సారె మెల్లబడి ఆగింది. "భేష్! ఇక దించండి" అన్నాడు పైనుంచి. ఎవరూ కదల్లేదు. ఆయన బరువే ఆయన్ను దించింది. తాడు విప్పుకుంటూ సారెను అటువైపు తిప్పింది. కిందికి వచ్చేసరికి రాజు అలవాటు కొద్దీ పీట కోసం కాళ్ళు చాచాడు. పీటవాడు చేతులు కట్టుకుని ఉన్నాడు. ఈలోగా తాడు రెండోవైపు నుంచి చుట్టుకోవడం మొదలైంది. రాజుగారు మళ్ళీ పైకి బయలుదేరారు.

"ఆపండర్రా!"

"మహాప్రభో, తమరు కదులుతున్నారు. తమరు కదులుతుండగా..." అన్నాడు మంత్రి.

"నేను కదులుతున్న సంగతి నాకు తెలీదా! ఒరేయ్ చెన్నా, రెండో శంఖం ఊదరా!"

"తమరు ఆగకుండా ఊదితే నా వీపు చీరేస్తారు ప్రభో!" చెన్నడు ఏడుపు మొహం పెట్టాడు.

రాజు దిగాడు, లేచాడు. కిరీటం చెవి మీదికి జారింది. "ఓబన్నా, నువ్వైనా ఆపరా! ఎప్పటికి ఆగుతుందిది?"

"మొదట నేను పెట్టిన బలం తమరిని ఎత్తింది ప్రభో. ఇప్పుడు దిగినప్పుడల్లా తమరి బరువంతా తమరే దానికి పెడుతున్నారు. అది పెట్టింది పెట్టినట్టు తమరికే తిరిగి ఇస్తోంది. ప్రతిసారీ జానో బెత్తెడో తగ్గుతుంది లెండి. భోజనాల వేళకు ఆగుతుంది."

"భోజనాల వేళకా! రద్దు! ఆ శాసనం ఇప్పుడే రద్దు!"

విస్సనమంత్రి దగ్గాడు. "ఏలినవారు మన్నించాలి. శాసనం రద్దు కావాలంటే సింహాసనం మీద ఆసీనులై, రాజముద్రతో..."

"విస్సన్నా! నేను కిందికి వచ్చానంటే..." అని రాజు పైకి వెళ్ళిపోయాడు. మిగతా మాట దూలం దగ్గర నుంచి వినబడింది. "...నిన్ను ఈ బల్ల మీద కూర్చోబెడతాను!"

"రద్దయింది! రద్దయిపోయింది!" అంటూ అందరికంటే ముందు చేతులు విప్పినవాడు మంత్రే.

ఇద్దరు భటులు పరుగెత్తుకొచ్చి, బల్ల కిందికి రాగానే రాజును చెరో రెక్కా పట్టి లాగేశారు. పీటవాడు పీట వేశాడు. అదే అదనుగా ఓబన్న కర్రతో ఉచ్చును తప్పించాడు. బరువు తీరిన సారె రివ్వున తిరగసాగింది.

రాజు కిరీటం సర్దుకుని ఓబన్నను తేరిపార చూశాడు. సారెతోపాటు తలకాయ కూడా పోయేట్టుందనుకున్నాడు ఓబన్న.

"ఇప్పుడెవరు తిప్పుతున్నారు దీన్ని?" అన్నాడు రాజు.

"తమరే ప్రభో. ఆఖరుసారి దిగుతూ తమరు పెట్టిందే ఇది. ఊరికే పోనివ్వడం దేనికి, సెలవిస్తే వాడుకుంటాను."

రాజు తల ఊపాడు. ఓబన్న వెంట తెచ్చుకున్న మట్టిముద్దను సారె నడుమన వేసి, రెండు చేతులూ తడిచేసి పట్టాడు. ముద్ద లేచింది, బోలయింది, కడుపు వచ్చింది, మెడ వచ్చింది. నొక్కినప్పుడల్లా సారె రవ్వంత మెల్లబడుతోంది. మూతి తిప్పడం పూర్తవుతుండగా సారె పూర్తిగా ఆగిపోయింది. అంతసేపూ రాజు పీట మీదే నిలబడి చూశాడు.

"ఇది నేను చేసిన కుండా?"

"బలం తమరిది. చేతులు నావి."

రాజు పెదవులు బిగబట్టాడు. ఆగలేదు. ఫక్కున నవ్వాడు. "ఎన్నిసార్లు ఆపమన్నానో! నన్ను నేనే ఆపుకోలేకపోయానురా!" అంటూ పొట్ట పట్టుకుని, నగలు గలగలమనేట్టు నవ్వాడు. అప్పుడు గాని కొలువులో మిగతావాళ్ళకు నవ్వడానికి ధైర్యం రాలేదు. రాజు తన చేతి బంగారు మురుగు తీసి ఓబన్న చేతికి తొడిగాడు. సారెను రాజబండి మీద ఇంటికి పంపమన్నాడు. కోటగుమ్మం మీది రాగిరేకును ఆ సమ్మెటతోనే ఊడగొట్టించాడు.

"ఆ కుండ మాత్రం నాకియ్యి" అన్నాడు.

"పచ్చికుండ ప్రభో. నీడన ఆరాలి, ఆవంలో కాలాలి. పది రోజులు పడుతుంది."

"మహారాజుగారు అడిగినా పది రోజులేనా?" అన్నాడు విస్సనమంత్రి. అలవాటు ఎక్కడికి పోతుంది?

"మట్టికి మీరొకసారి చెప్పి చూడండి మంత్రిగారూ" అన్నాడు ఓబన్న. రాజుకు మళ్ళీ నవ్వు తెరలు తెరలుగా వచ్చింది.

పదకొండో రోజున కుమ్మరి వీధిలోకి రాజుగారు నడిచి వచ్చారు. శంఖం లేదు, పల్లకీ లేదు. వీధిలో సారెలు తిరుగుతున్నాయి, పొయ్యిల మీద అట్లు కాలుతున్నాయి. కొందరు దణ్ణం పెట్టి మళ్ళీ పనిలో పడ్డారు. ఓబన్న గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళకుండలు బేరమాడుతున్నారు. రాజుగారు వాళ్ళ వెనక నిలబడి, తన వంతు వచ్చేదాకా చూసి, కుండ తీసుకుని వెళ్ళారు.